గడప దాటి రండి

ఎల్లారెడ్డి బజారులో ఒకప్పుడు తల ఎత్తి చూస్తే నా చేతిరాతే కనబడేది. కిరాణా దుకాణం, మందుల దుకాణం, ఎరువుల గోదాము, పెళ్లి పందిళ్లు కిరాయికిచ్చేవాడి రేకు బోర్డు, అన్నీ నేను రాసినవే. కామారెడ్డి బస్టాండు పక్క సందుల్లో కూడా కొన్నేళ్లు రాశాను. బడి నాకు మూడో తరగతితో సరి. ఆ తర్వాతి చదువంతా బెల్లం, చింతపండు చుట్టి ఇచ్చిన పత్రికల ముక్కల మీద సాగింది. సగంలో చిరిగిన వార్తలు, మొదలు లేని కథలు చదివి చదివి, ఏ మాట ఎక్కడ కూర్చోవాలో నాకు నేనే తెలుసుకున్నాను. తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. పొద్దున ఫోన్ చేస్తే మధ్యాహ్నానికి గోడంత బొమ్మ వేలాడదీసే మిషన్ ముందు కుంచె పట్టిన మనిషి ఎంతకాలం నిలుస్తాడు? నన్ను ఎవరూ పొమ్మనలేదు. రమ్మనడం మానేశారు, అంతే.

ఆ కోపం ఇంకా తగ్గలేదు. తగ్గాలని నాకూ లేదు. కానీ ఇది దాని గురించి కాదు. రెండేళ్ల కింద నేను చివరిసారి ఒక వాక్యం రాశాను, బోర్డు మీద కాకుండా ఫోన్‌లో. ఆ వాక్యాన్ని నెత్తిన పెట్టుకున్న యాప్ మా ఊరి వంటల చోటును ఎట్లా మింగిందో చెప్పాలి. నేను చెప్పకపోతే అది ఎవరి చోటో రేపు చెప్పేవాళ్లు ఉండరు.

మా ఊరు ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి పోయే దారిలో రోడ్డు దిగి లోపలికి పోతే వస్తుంది. వానాకాలం నాట్లు ముగిశాక ఒక రోజు ఊరంతా వంటలకు పోతుంది. వినేవాళ్లు ఏదో వనభోజనం అనుకుంటారు. వనభోజనానికి ఇష్టమున్నవాళ్లు పోతారు, ఇష్టమైనప్పుడు తిరిగొస్తారు. ఇది అట్లా కుదరదు. ముందురోజు డప్పుతో చాటింపు వేస్తారు. ఆ రోజు ఏ ఇంట్లోనూ పొయ్యి రాజకూడదు, ఏ ఇంట్లోనూ మనిషి మిగలకూడదు. ముసలివాళ్లు, బాలింతలు, బర్రెలు, మేకలు, గంపల్లో కోళ్లు, అందరూ ఎండ ఎక్కకముందే ఊరు దాటాలి. చివరి మనిషి బయటపడ్డాక ఊరి దారికి అడ్డంగా ముండ్ల కంప వేస్తారు. పొద్దుగూకే దాకా ఎవరూ దాన్ని దాటరు, మరిచిపోయిన ఉప్పు కోసం కూడా. ఊరు ఒక రోజు ఖాళీగా ఉంటే, అందులో చేరిన రోగాలూ రొష్టులూ ఇండ్లలో ఎవరూ లేరని చూసి తమ దారిన తాము పోతాయట. రోగాల మాట నేనెన్నడూ నమ్మలేదు. ఆ రోజును మాత్రం నమ్మాను. మాట్లాడుకోని అన్నదమ్ములు కూడా ఆ రోజు ఒకే నీళ్ల దగ్గర బిందెలు ముంచేవాళ్లు.

ఆ నీళ్లు ఒర్రెలోవి. ఊరి నుంచి అడవి అంచు దాకా నడిస్తే, మద్ది చెట్ల కింద సన్నని వాగు, మా ఇసుక ఒర్రె ఉంటుంది. ఇసుకలో చేతులతో గుంట తీస్తే చెలిమె ఊరుతుంది. ఒడ్డు మీద ప్రతి ఇంటికీ పొయ్యి రాళ్లుండేవి. మా ఇంటివి మా నాయన వాడినవే, ఆయనకు ముందు ఎవరు వాడారో ఆయనకూ తెలియదు. మసి పట్టి పట్టి నల్లరాళ్లయిపోయాయి. వరద వచ్చి దొర్లించుకుపోతే కిందికి పోయి వెతికి, ఎత్తుకొచ్చి, ఉన్నచోటే పెట్టేవాళ్లం. మా ఊళ్లో ముస్లిముల ఇండ్లు కొన్ని ఉన్నాయి. వాళ్లూ తాళాలేసి వచ్చేవాళ్లు. వాళ్ల పొయ్యిలు ఎగువన పెద్ద బండ దగ్గర. దర్జీ భాయ్ ఇంటి బగారా అన్నం వాసన దిగువకు వస్తుంటే మా పప్పుచారు చప్పగా అనిపించేది.

దర్జీ భాయ్‌ది మా ఊరే, దుకాణం మాత్రం ఎల్లారెడ్డిలో. బోర్డుల పని పోయాక నా పగళ్లన్నీ ఆయన బెంచి మీదే గడిచాయి. ఒక రోజు ఒక అమ్మాయి అక్కడికే వచ్చింది. హైదరాబాద్ నుంచి, బ్యాగు వీపుకు తగిలించుకొని, చెమటలు కక్కుతూ.

"బోర్డులు రాసే పెద్దాయన మీరేనా సార్?"

"రాసేటోన్ని. ఇప్పుడు కూసునేటోన్ని."

దర్జీ కత్తెర ఆపకుండానే అన్నాడు: "కూసునుడు గూడ నా బెంచి మీద, నా చాయ్ తాగుకుంట."

ఆమె నవ్వి, నా పక్కన కూర్చుంది. తాను ఒక కంపెనీలో యాప్‌లకు రూపం గీసే పని చేస్తానని చెప్పింది. ఇప్పుడు చేస్తున్న యాప్ జనాన్ని బయటికి తీసుకొస్తుందట. దగ్గర్లో ఏ గుట్ట ఉంది, ఏ చెరువు ఉంది, ఏ దారిన నడవొచ్చు చూపిస్తుందట. నడిచినందుకు ఫోన్‌లో పచ్చని ఆకు ఒకటి ఇస్తుందట.

"మా దిక్కు జనాన్ని నీడకు కూసోబెట్టే యాప్ ఉంటే జెప్పు బిడ్డా" అన్నాడు దర్జీ. "పొద్దున పోతే పొద్దుగూకెదాక ఎండలనే సస్తరు."

"మీ కోసం కాదు అంకుల్. నేల మీద కాలు పెట్టకుండా వారాలు గడిపేవాళ్ల కోసం. నాలాంటివాళ్ల కోసం." తర్వాత కొంచెం ఆగి అంది, "మా అమ్మది తాడ్వాయి దగ్గరే. సెలవులకు వచ్చినప్పుడు కూడా వెనకాల గుట్ట ఎక్కలేదు నేను. ఇంట్లో కూర్చొని దాని ఫొటో తీశాను."

ఆ మాటకు ఆమె నాకు నచ్చింది. ఆ తర్వాత ఫోన్‌లో తెలుగు చూపించింది. 'మీ సాహసాన్ని అన్‌లాక్ చేయండి. ప్రకృతితో కనెక్ట్ అయి ఉండండి.' రెండుసార్లు చదివాను.

"గిది ఏ భాష బిడ్డా?"

"తెలుగే తాతా. ఇంగ్లీషు నుంచి మిషన్ మార్చింది. అందుకే మీ దగ్గరికి వచ్చా. చిన్న జాగాలో పట్టేటట్టు మాట రాయగలిగినవాళ్లు ఎవరని అడిగితే బజారులో మిమ్మల్నే చూపించారు."

బజారుకు నేను ఇంకా గుర్తున్నానని అప్పుడు తెలిసింది. కాదనలేకపోయాను.

దుకాణంలో కొలతలు గీసే గోధుమరంగు కాగితం చుట్ట ఉంటుంది. ఆమె దాన్ని బల్ల మీద పరిచి, దర్జీ సుద్దతో వరసగా ఫోన్ ఆకారాలు గీసింది. ఒక్కో గడిలో ఏం కనబడాలో చెప్పేది. నేను పెన్సిలుతో మాట రాసేవాణ్ని. దర్జీ మీదినుంచి తొంగిచూసి, "గిది కాజా, గిది జేబు" అని ఎకసెక్కాలాడేవాడు. నాకు చాన్నాళ్ల తర్వాత పని దొరికింది. పని దొరికిన మనిషికి కోపం కొంచెం నిద్రపోతుంది.

నేను రాసినవి ఇట్లా ఉండేవి. 'ఈ గుట్ట మీది సీతాఫలాలు అమ్ముకొని బతికేవాళ్లున్నారు. చెయ్యి వేసే ముందు అడగండి.' 'మీరు నడిచేది చేను గట్టు. తెగితే నీళ్లు ఆగవు, మెల్లగా నడవండి.' 'ఈ చెరువు నీళ్లు పశువులవి కూడా. సబ్బు తేవద్దు.' ఆమె ఒక్కోటి చదివి కాగితం మీద చెయ్యి ఆనించి ఉంచేది. ఇట్లాంటివే కావాలి తాతా, అనేది. నేనూ నమ్మాను.

కొన్నాళ్లకు ఆమె కంపెనీ పెద్దసారు ఫోన్‌లో మాట్లాడాడు. ఆమె ఫోన్ బల్ల మీద పెట్టి అందరికీ వినబడేటట్టు చేసింది.

"అంకుల్, సూపర్‌గా రాశారు. కానీ యూజర్ ఇంత చదవడు."

"సదువనోడు నడుస్తడా?"

"నడుస్తాడంకుల్. అందుకే కదా బాణం గుర్తు పెడుతున్నాం."

"మరి చేను గల్లోని సంగతి?"

"ఎవరు?"

"చేను గల్లోడు. నీ బాణం పొయ్యేది ఆయన గట్టు మీదికెల్లి గదా."

ఆయన చాలా మర్యాదగా అన్నాడు: "మన యాప్‌లో ఆయనకు స్క్రీన్ లేదంకుల్."

దర్జీ కత్తెర ఆగింది. ఆ అమ్మాయి తల వంచుకుంది. ఆ మాట నేను చచ్చేదాకా మరిచిపోను. అతను తిట్టినా బాగుండేది. మా దగ్గరికి రమ్మని లోకాన్నంతా పిలుస్తూ, మేము ఉండడానికి అందులో చోటే లేదని చెప్పాడు, అదీ మర్యాదగా.

నేను రాసిన వాటిలో ఒక్కటే మిగిలింది. ఫోన్ పొద్దంతా ఇంట్లోనే కదలకుండా పడి ఉంటే, సాయంత్రం దాని మీదికి ఒక మాట రావాలి. దానికి నేను 'ఈ రోజు మీరు బయటికి రాలేదు. గడప దాటి రండి' అని రాశాను. పెద్దసారుకు అది బాగా నచ్చిందట. చిన్నగా ఉందని.

ఆ అమ్మాయిని నేను చుట్టుపక్కల చాలా తిప్పాను. సదాశివనగర్ వైపు గుట్టలు, తాడ్వాయి వైపు చెరువులు, ఆమె ఒక్కోటి రాసుకుంది. మా ఒర్రె దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం ఆగిపోయాను. ఆమె మద్ది చెట్లను చూసి, ఇసుక చూసి, చెప్పులు విప్పేసింది.

"దీని పేరేంటి తాతా?"

"దీన్ని రాయకు బిడ్డా. గిది మా ఊరి వంటల జాగ." కారణం కూడా చెప్పాను. ముండ్ల కంప సంగతి, పొయ్యి రాళ్ల సంగతి, అంతా.

అప్పటికే రాసుకున్నదాన్ని ఆమె నా ముందే కొట్టేసింది. "ఇది పెట్టను తాతా. మాట." ఆమె ఆ మాట తప్పలేదు. ఇది నేను ఎవరి ముందైనా చెబుతాను.

తర్వాత యాప్‌ను మనుషుల మీద పరీక్షించాలన్నారు. ఆమె మా ఊరినే ఎంచుకుంది. తెలిసినవాళ్లున్నారు, మొహమాటం ఉండదు కదా అని. మా ఊళ్లో ఫోన్లకు కొదువ లేదు. దుబాయ్, మస్కట్ పోయినవాళ్లు ముందు పంపేది అదే. ఆమె ఇల్లిల్లూ తిరిగి యాప్ వేసి ఇచ్చింది. అరుగుల మీద బీడీలు చుట్టే ఆడవాళ్లు చుట్టూ మూగారు.

"నడిస్తే ఆకులిస్తదా? పొద్దంత మేం ఆకులు కత్తిరిస్తనే ఉంటిమి గదనే!"

"అగో, ఆకులు ఎక్కువొచ్చినోళ్లకు సర్కారు ఏమన్న ఇస్తదేమో. ఎయ్యనీ, ఎయ్యనీ."

ఆ అమ్మాయి కాదు కాదని చెప్పినా ఎవరూ వినలేదు. ఊళ్లో పెద్దవ్వ ఒకామె ఉంది. వంటల రోజు మొదటి పొయ్యి రాజేసేది ఆమే. ఆమె కూడా కొడుకు పంపిన ఫోన్ నడుముకు కట్టిన సంచిలోంచి తీసి ఇచ్చింది. "నాకు గూడ ఎయ్యి బిడ్డా. ఊరందరికి ఒచ్చేది నాకెందుకు రావద్దు?"

ఆ ఏడు నాట్లు అయ్యాయి. డప్పు మోగింది. పొద్దున్నే ఊరంతా కదిలింది. ఖాళీ ఇంట్లో ఫోన్ ఎవరు వదిలిపోతారు? అందరి దగ్గరా ఉన్నాయి, జేబుల్లో, కొంగుల్లో, నడుముల్లో. పొయ్యిలు రాజాయి. పొగ మద్ది ఆకుల్లోంచి పైకి పోయింది. ఆడవాళ్లు బతుకమ్మ లేకపోయినా చప్పట్లు కొట్టి ఆడారు. మొగవాళ్లు చింతకింద కల్లు తాగి పాత కొట్లాటలు తవ్వుకున్నారు. పెద్దవ్వ మధ్యాహ్నం ఇసుకలో పడుకొని గురకపెట్టింది. పొద్దు గూకింది, కంప తీశారు, పసుపు నీళ్లు గడపల మీద చల్లి లోపలికి పోయాం. మంచిగా జరిగింది. అట్లా జరిగిన చివరి వంటల రోజు అదేనని అప్పుడు ఎవరికీ తెలియదు.

వానలు వెనకబట్టి చలి మొదలైన రోజుల్లో మా ఊరి మీదుగా కార్లు రావడం మొదలైంది. ఆదివారం రెండు, ఇంకో ఆదివారానికి నాలుగైదు, ఆ తర్వాత ఆదివారమేమిటి, ఏ రోజైనా. చెరుకు తోట గట్టున ఆపి, ఫోన్ ముందు పెట్టుకొని, బాణం వెంట అడవి దిక్కు నడుస్తున్నారు. పెళ్లి ఫొటోలు తీసుకొనేవాళ్లు పట్టు బట్టల్లో ఒర్రె దిగారు. ఒక రోజు దర్జీ తన ఫోన్ నా ముందు పెట్టాడు.

"అరే భాయ్, గిది జూడు. ఫస్టు నంబరు."

తెర మీద మా మద్ది చెట్లు. కింద, 'జిల్లాలో జనం అన్నిటికంటే ఎక్కువసేపు గడిపే చోటు'.

అప్పటికప్పుడు ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. ఏం మాట్లాడానో రాస్తే బాగుండదు. అంతా విని ఆమె మెల్లగా అంది.

"నేను పెట్టలేదు తాతా. ఎవరూ పెట్టలేదు."

"మరి నడుసుకుంట ఒచ్చి కూసున్నదా?"

"యాపే పెట్టుకుంది. ఎక్కడ ఎక్కువమంది, ఎక్కువసేపు ఉంటే ఆ చోటు అంత బాగున్నట్టు లెక్క. అది గీసింది నేనే. మామూలుగా ఎవరైనా ఎక్కడికైనా పోతే కాసేపు ఉంటారు, ఫొటో దిగుతారు, వచ్చేస్తారు. మీ ఊరు మొత్తం పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కచోటే ఉంది. ఒక్కరు కూడా మధ్యలో వెళ్లిపోలేదు. అంత బాగున్న చోటు ఇంకోటి లేదనుకుంది."

"పోవద్దని గదా ముండ్ల కంప ఏసింది!"

"ముండ్ల కంప సంగతి దానికి తెలీదు తాతా."

ఆమెను ఓదార్చే ఓపిక నాకు లేకపోయింది. తీసేయమన్నాను. ఆమె పెద్దసారును అడిగింది. ఆయనే స్వయంగా నాకు ఫోన్ చేశాడు.

"అంకుల్, మీ ఊరికి ఇది గర్వం కదా. జనం ఓటు వేసినట్టే. జనం మెచ్చిన చోటును నేనెట్లా తీసేస్తా?"

"ఆ జనం మేమే నాయనా. మేమే వద్దంటున్నం."

"ఒకరిద్దరు వద్దంటారంకుల్. డేటా చూడాలి కదా."

మా ఊరంతా కలిసి ఒకరిద్దరం. మా ఊరంతా కలిసి కూర్చుంటే మాత్రం అది డేటా. ఇంత వయసొచ్చి నేను నేర్చుకున్న లెక్కల పాఠం ఇది. చివరికి ఆ అమ్మాయి ఎవరితోనో కొట్లాడి పేరు తీయించిందని, ఆ తర్వాత ఆ కంపెనీ విడిచిపెట్టిందని తెలిసింది. అప్పటికే వీడియోలు ఊరూరా తిరుగుతున్నాయి. దారి తెలిసిన జనానికి బాణం గుర్తు ఎందుకు?

చెలిమెల్లో సీసాలు తేలాయి. అది ఊహించిందే. నేను ఊహించనిది పొయ్యి రాళ్ల సంగతి. వచ్చినవాళ్లకు ఆ నల్లరాళ్లు చాలా నచ్చాయట. ఒకదాని మీద ఒకటి పేర్చి, చిన్న గోపురాలు కట్టి, పక్కన నిలబడి ఫొటోలు దిగారు. ఒకరు కట్టింది చూసి ఇంకొకరు కట్టారు. మేము పోయి చూసేసరికి ఒర్రె పొడుగునా రాళ్ల కుప్పలు. పెద్దవ్వ ఒక్కో రాయి తీసి తడిమింది. ఏది ఎవరి ఇంటిదో, ఏది ఎక్కడిదో చెప్పడం ఎవరి తరం కాలేదు. నేను మా మూడు రాళ్లు గుర్తుపట్టగలననుకున్నాను. గంటసేపు తిరిగాను. నలుపు అంతా ఒక్కలాగే ఉంది.

ఎండాకాలంలో ఎవరో బొగ్గుల మీద మాంసం కాల్చుకొని ఆర్పకుండా పోతే గడ్డి అంటుకొని ఒక గట్టు కాలింది. దాంతో ముండ్ల తీగ కంచె వచ్చింది. ఎవరి హుకుమో అడిగినా ఎవరూ చెప్పలేదు. ముందు ఒక రేకు గేటు, దానికో కాపలావాడు, మీద ఒక ఫ్లెక్సీ, 'ఇచ్చట పొయ్యి పెట్టరాదు'. కార్లవాళ్లు టికెట్టు తీసుకొని లోపలికి పోతారు. పొయ్యి పెట్టరు కాబట్టి వాళ్లకు ఇబ్బంది లేదు. కాపలావాడు పక్క ఊరివాడే. పెద్దవ్వను చూసి లేచి నిలబడ్డాడు.

"మీ వంటలు బందయినయవ్వా. నా చేతుల ఏం లేదు."

"మీ ఊరోళ్లు యాడ వండుకుంటున్నర్రా?"

వాడు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మా జాగ ఇంక ఎవ్వనికి దొరకలేదవ్వా."

ఈ ఏడు నాట్లు అయ్యాక అరుగు దగ్గర అందరూ కూర్చున్నారు. మానేద్దామని కొందరన్నారు. పెద్దవ్వ ఒప్పుకోలేదు. ఎక్కడికి పోదామని ఒక్కో జాగా పేరు చెప్పుకుంటూ, కొట్టేసుకుంటూ పోయారు. చివరికి కంకర మిషన్ వెనకాల, కరెంటు టవర్ల కింద ఉన్న బోడి నేల మిగిలింది. అక్కడికి ఎవరూ రారు. ఎందుకు వస్తారు? చెట్టు లేదు, నీళ్లు ట్యాంకరులో తేవాలి.

"ఇంకొక్కటి" అంది పెద్దవ్వ. "ఫోన్లు ఇండ్లల్ల పెట్టి రావాలె. అందరు."

ఊరు గొల్లుమంది.

"మా ఆయిన మస్కట్‌లకెల్లి చేస్తడు పెద్దవ్వా. ఎత్తకుంటే పానం పోయిందనుకుంటడు!"

"ముందుగాల్నే చెప్పు. మీ అత్త కాలంల ఎవలు చేసిండ్రు ఫోన్లు?"

"యాప్ తీసేస్తే అయిపాయె గదా. ఫోన్ ఎందుకు ఇడిసిపెట్టుడు?" అన్నాడు ఒకడు.

నేను కల్పించుకున్నాను. "గా యాప్ తీస్తం. ఇంక దాంట్ల ఎన్ని ఉన్నయో, ఏది యాడికి చెప్తున్నదో నీకెరుకనా? నాకెరుకలేదు."

ఎవరికీ ఎరుక లేదు. దేన్ని తీయాలో, ఎట్లా తీయాలో తెలియక ఆ యాప్ కూడా చాలా ఫోన్లలో అట్లాగే ఉండిపోయింది. ఫోన్లు పెట్టి పోవడమే ఖాయమైంది.

ఆ పొద్దున కంప అడ్డం వేసే వంతు నాదీ, దర్జీదీ. డప్పు కొట్టేవాళ్లు కూడా దాటిపోయారు. ఇద్దరం తుమ్మ కంప ఈడ్చుకొచ్చి దారికి వేస్తుంటే వెనకాల ఒక ఇంట్లో ఫోన్ మోగింది. అది ఆగింది, ఇంకో ఇంట్లో ఇంకోటి. తాళం వేసిన తలుపుల వెనకనుంచి పాటలు, గంటలు, ఎవరి ఇంట్లోనో పసిపిల్ల నవ్వు. పుట్టినప్పటినుంచి చూస్తున్నాను, వంటల రోజు మా ఊళ్లో అట్లాంటి చప్పుడు ఎన్నడూ లేదు. ఊరు ఖాళీగా లేదనిపించింది.

"రోగాలకు ఎవ్వలన్న ఉన్నరని అనిపిస్తది భాయ్" అన్నాడు దర్జీ, ముల్లు గుచ్చుకున్న వేలు నోట్లో పెట్టుకొని.

బోడి నేల మీద వండుకున్నాం. పొయ్యికి కంకర రాళ్లు. మసిలేని కొత్త రాళ్లు వేడికి చిట్లి, ఒక ఇంటి గిన్నె ఒరిగి అన్నం నేలపాలైంది. నీడ లేక పిల్లలు ఏడ్చారు. మిషన్ దుమ్ము పప్పులో పడింది. ఆడవాళ్లు ఆడలేదు. పొద్దు ఎప్పుడు గూకుతుందా అని ఊరు మొత్తం పడమటి దిక్కు చూడటం నేను మొదటిసారి చూశాను. ఎవరూ మధ్యలో లేచిపోలేదు. అది మాత్రం పాత రోజుల లాగే జరిగింది.

పొద్దు గూకింది. కంప తీశాం. ఎవరి గడపల మీద వాళ్లు పసుపు నీళ్లు చల్లి లోపలికి పోయారు. కాసేపటికి అరుగుల మీదికి ఒక్కొక్కరే ఫోన్లు పట్టుకొని వచ్చారు. మొదట నవ్వింది మస్కట్ ఆయన భార్య.

"బాపూ, నీ ఫోన్ల గూడ ఒచ్చిందా? అందరికీ గిదే!"

తెర మీద పచ్చని ఆకు బొమ్మ, కింద ఒక వాక్యం. మా సందులో యాప్ తీయని ప్రతి ఫోన్ మీదా అదే. పొద్దంతా ఎండలో మాడి, కాళ్లకు కంకర దుమ్ముతో వచ్చిన మనుషుల చేతుల్లో అది వెలుగుతోంది.

పెద్దవ్వకు చదువు రాదు. గడపలో కూర్చొని, ఒక చేత పసుపు నీళ్ల చెంబు, ఇంకో చేత ఫోన్ నా వైపు చాపింది.

"ఏమంటున్నది తమ్మీ ఇది?"

చదివాను. "ఈ రోజు మీరు బయటికి రాలేదు. గడప దాటి రండి."

ఆ మాట ఎవరు రాశారో ఆమెకు తెలుసు. ఊరందరికీ తెలుసు. ఆమె దాని జోలికి పోలేదు. చెంబులో మిగిలిన నీళ్లు గడప మీద ఒంపి, తడి చేత్తో మోకాలు పట్టుకొని, నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగింది.

"యాడికి రమ్మంటున్నది?"